తీగకు కాయ బరువా?

తీగకు కాయ బరువా అని మన పెద్దవాళ్ళు ఓ మాట అంటూంటారు. వినడానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. నిజమే, సొరపాదు తనకన్నా ఎన్నోరెట్లు బరువైన కాయల్ని మోస్తూ పందిరి మీద హాయిగా పాకుతూనే ఉంటుంది. కానీ ఒక్క సంగతి గమనించారా? ఆ మాట అన్నది తీగ కాదు. కాయ కోసుకుని కూర వండుకునేవాళ్ళు. పందిరి ఎవరు వేశారో, ఆ పందిరే లేకపోతే తీగ గతి ఏమయ్యేదో ఆ సామెతలో ఎక్కడా లేదు.

నలుగురు కలిసి మొదలుపెట్టిన పని చివరికి ఒక్కరి భుజం మీదికి జారిపోవడం లోకంలో మామూలే. పెళ్ళిపనులైనా అంతే, పేరంటమైనా అంతే, ఆఫీసులో ఫైళ్ళయినా అంతే. “ఆవిడ చేసుకుపోతుందిలే” అంటాం. ఆ ‘లే’ అనే ఒక్క అక్షరంలో మనకెంత నిశ్చింతో చూడండి! ఆ ఒక్కరూ నోరెత్తకుండా చేసుకుపోయినంత కాలం త్యాగమూర్తి అంటాం, బంగారుతల్లి అంటాం. ఏదో ఒకనాడు ఆవిడ నోరు విప్పి, “చేస్తాను గానీ, నా సంగతేమిటి?” అన్నదనుకోండి. మన ముఖాలు మాడిపోతాయి. నిన్నటిదాకా దేవతలా కనిపించిన మనిషి ఇవాళ బేరాలాడే మనిషైపోతుంది.

ఇది న్యాయమేనా? బరువు మోసేవాళ్ళు ప్రతిఫలం అడిగితే వాళ్ళు మోసిన బరువు తగ్గిపోతుందా? పోనీ, అడిగినది చేతిలో పెట్టేస్తే మోయించినవాళ్ళ ఋణం తీరిపోతుందా?

ఈ రెండు ప్రశ్నలూ నన్ను చాలాకాలంగా తొలుస్తున్నాయి. వాటికి జవాబు వెతుక్కుంటూ పోతే అది ఎక్కడో అమెరికాలో, 1884వ సంవత్సరంలో, ఒక బేస్‌బాల్ మైదానంలో దొరికింది. ఆటల గొడవ మనకెందుకులే అని పేజీ తిప్పేయకండి. ఈ కథలో ఆట తక్కువ, సంసారం ఎక్కువ.

అమెరికాలో అన్నిటికన్నా చిన్న రాష్ట్రం రోడ్ ఐలండ్. అందులో పెద్ద ఊరు ప్రావిడెన్స్. బట్టల మిల్లులు, నగలూ వెండి సామానూ తయారుచేసే కార్ఖానాలూ ఉన్న ఊరు. అప్పటికి అక్కడి జనాభా లక్ష పైచిలుకు. అలాంటి ఊరి టీము బోస్టన్, న్యూయార్కు, షికాగో, ఫిలడెల్ఫియా వంటి మహానగరాల టీములతో సమానంగా పోటీ పడేది. బూడిదరంగు దుస్తులు వేసుకునేవాళ్ళు కాబట్టి వాళ్ళని ప్రావిడెన్స్ ‘గ్రేస్’ అనేవారు. ఆటనే ఉద్యోగంగా చేసుకుని జీతాలు తీసుకునే టీముల కూటమి, నేషనల్ లీగ్, 1876లో పుట్టింది. అంటే ఆట ఆడి డబ్బు పుచ్చుకోవడమన్నది అప్పటికింకా కొత్తే. ఇలాంటివాళ్ళని కొందరు కాస్త చిన్నచూపు చూసే రోజులవి.

మనకి క్రికెట్ తెలుసు కాబట్టి బేస్‌బాల్ ఎలాంటిదో చెప్పడం సులువే. క్రికెట్లో బౌలరు ఉన్నట్టే ఇక్కడ పిచర్ ఉంటాడు. అతను విసిరిన బంతిని బాట్స్‌మన్ కొట్టాలి. తేడా ఎక్కడంటే, క్రికెట్లో ఒక ఓవరు కాగానే బంతి ఇంకొకరి చేతికి పోతుంది. చెయ్యి కాస్త విశ్రాంతి తీసుకుంటుంది. బేస్‌బాల్‌లో ఆ దయ లేదు. మొదలుపెట్టినవాడు తొమ్మిది ఇన్నింగ్సులూ విసురుతూనే ఉండవచ్చు. పైగా ఆ రోజుల్లో ఆట మధ్యలో బయటినుంచి కొత్త మనిషిని తీసుకురావడానికి వీల్లేదు. ఎవరికైనా దెబ్బ తగిలి ఆడలేకపోతే తప్ప, పిచర్ అలసిపోతే మైదానంలో ఉన్న మరొకడితో చోటు మార్చుకోవలసిందే. అందుకే ఒక్కో టీముకి ఇద్దరు ముఖ్యమైన పిచర్లుండేవారు. ఒకరోజు ఒకడు, మరోరోజు ఇంకొకడు. ఇంట్లో తోడికోడళ్ళు వంతులేసుకుని వంట చేసినట్టన్నమాట.

ఆ ఏడాది ప్రావిడెన్స్‌లోని ఆ ఇద్దరూ ఛార్లెస్ రాడ్‌బర్న్, ఛార్లీ స్వీనీ.

రాడ్‌బర్న్‌కి 29 ఏళ్ళు. ఇంగ్లండు నుంచి వలసవచ్చిన ఒక మాంసం వర్తకుడి కొడుకు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో పెరిగాడు. మితభాషి, ముభావి, కోపిష్టి. అంతకుముందు ఏడాది, 1883లో, టీము బరువంతా అతనే మోశాడు. 48 ఆటలు గెలిచాడు. జనం అతనికి పెట్టిన ముద్దుపేరు ‘ఓల్డ్ హాస్’. హాస్ అంటే హార్స్, గుర్రమే. ముప్ఫై నిండని మనిషిని ముసలిగుర్రం అన్నారంటే, ఎంత బరువు లాగించి ఉంటారో ఆలోచించండి. ముద్దుపేర్లలో కూడా ఒక్కోసారి మన స్వార్థం బయటపడిపోతూంటుంది.

స్వీనీ 21 ఏళ్ళ కుర్రవాడు. చురుకు, దూకుడు, వాటికి తోడు తాగుడు. 1884 జూన్ 7న బోస్టన్ మీద ఆడుతూ ఒక్క ఆటలో 19 మంది బాట్స్‌మన్‌లని స్ట్రైకౌట్ చేశాడు. తొమ్మిది ఇన్నింగ్సుల ఆటలో ఆ అంకెని 1986 దాకా ఎవరూ దాటలేకపోయారు. ఊరంతా స్వీనీ, స్వీనీ అని ఊగిపోయింది. కొత్తకోడలి పులిహోర బాగుందని అందరూ మెచ్చుకుంటూంటే, ఏళ్ళ తరబడి రోజూ వంట చేస్తున్న పెద్దకోడలికి ఎలా ఉంటుంది? రాడ్‌బర్న్‌కీ అలాగే ఉంది. నోటితో ఏమీ అనలేదు. ముఖం ముడుచుకున్నాడు, విసుక్కున్నాడు. జూలై మధ్యలో బోస్టన్ మీద జరిగిన ఒక ఆటలో నిగ్రహం పోగొట్టుకుని ఇష్టం వచ్చినట్టు బంతులు విసిరి ఆట పాడుచేశాడు. క్లబ్బువాళ్ళు అతన్ని సస్పెండు చేశారు.

వారం తిరక్కుండానే రెండో దెబ్బ తగిలింది. జూలై 22న ఫిలడెల్ఫియాతో ఆట. స్వీనీ పిచర్. ప్రావిడెన్స్ ముందంజలో ఉంది. ఏడో ఇన్నింగ్సు అయ్యాక మేనేజరు ఫ్రాంక్ బాన్‌క్రాఫ్ట్, ఇక నువ్వు ఫీల్డింగుకి వెళ్ళు, బంతి ఇంకొకడికివ్వు అన్నాడు. స్వీనీ ససేమిరా అన్నాడు. అనడమే కాదు, తిట్టిపోసి మైదానం వదిలి వెళ్ళిపోయాడు. కొత్త మనిషిని తెచ్చుకునే వీల్లేదు గదా! మిగిలిన ఎనిమిది మందీ ఆ ఆటని ఈడ్చి, గెలవాల్సింది కాస్తా 10-6తో ఓడిపోయారు. క్లబ్బు స్వీనీని వెలివేసింది. అతనేమీ బాధపడలేదు. ఆ ఒక్క ఏడాదే ఆటలు నడిపిన యూనియన్ అసోసియేషన్ అనే పోటీ లీగ్‌లో, సెయింట్ లూయిస్ టీములో చేరిపోయాడు.

ఇద్దరు పిచర్లలో ఒకడు వెళ్ళిపోయాడు, ఒకడు సస్పెన్షన్‌లో ఉన్నాడు. టీముని రద్దుచేసి దుకాణం కట్టేద్దామా అని డైరెక్టర్లు తర్జనభర్జన పడ్డారు. అప్పుడు రాడ్‌బర్న్‌ని పిలిచారు.

మన కథల్లోనైతే ఇక్కడ కథానాయకుడు కళ్ళనీళ్ళు తుడుచుకుని, “నా టీము కోసం ప్రాణాలైనా ఇస్తాను” అనాలి. రాడ్‌బర్న్ అలా అనలేదు. మిగిలిన ఆటలన్నీ నేనే ఆడతాను, ఛాంపియన్‌షిప్ తెచ్చిపెడతాను. అయితే నా జీతం మీద అదనంగా సొమ్ము ఇవ్వాలి, సీజను ముగిశాక నన్ను స్వేచ్ఛగా వదిలెయ్యాలి అన్నాడు.

డబ్బు సంగతి సరే. ఈ ‘స్వేచ్ఛ’ ఏమిటో కాస్త చెప్పుకోవాలి. ఆ కాలంలో ‘రిజర్వు’ అనే ఒక కట్టుబాటు ఉండేది. ఆటగాడు ఒకసారి ఒక టీములో చేరాడంటే, ఏడాది ఒప్పందం అయిపోయినా సరే, యజమాని వదిలితే తప్ప ఇంకో టీములో కాలు పెట్టడానికి లేదు. యజమాని మాత్రం ఇష్టం లేకపోతే ఇంటికి పంపెయ్యవచ్చు. 1879లో టీముకి ఐదుగురితో మొదలైన ఈ ఏర్పాటు, 1884 నాటికి పదకొండు మందికి పాకింది. అంటే ఇంచుమించు టీము అంతటికీ. ఈ ముడి 1975లో ఒక మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతో గాని వదల్లేదు. కాబట్టి రాడ్‌బర్న్ అడిగింది కేవలం డబ్బు కాదు. గుమ్మం దాటే హక్కు అడిగాడు. డైరెక్టర్లు ఒప్పుకున్నారు. ఒప్పుకోక ఏం చేస్తారు?

ఆ తర్వాత జరిగింది ఇవాళ్టికీ నమ్మడం కష్టం. టీము ఆడిన తర్వాతి 43 ఆటల్లో 40 ఆటలకి అతనే పిచర్. 36 గెలిచాడు. ఆగస్టులో మొదలై సెప్టెంబరు దాకా ప్రావిడెన్స్ వరసగా 20 ఆటలు గెలిచింది. వాటిలో 18 రాడ్‌బర్న్ చేతి మీదుగా వచ్చినవే. సెప్టెంబరు చివరికి ఛాంపియన్‌షిప్ ఖాయమైపోయింది. మొత్తం సీజనులో ప్రావిడెన్స్ 84 గెలిచి 28 ఓడింది. రెండో స్థానంలో ఉన్న బోస్టన్ పదిన్నర ఆటలు వెనకబడిపోయింది.

రాడ్‌బర్న్ ఒక్కడి లెక్క చూడండి. 73 ఆటలు మొదలుపెట్టాడు, 73 ఆటలూ చివరిదాకా తనే ముగించాడు. 678 ఇన్నింగ్సుల పైన విసిరాడు. 441 మందిని స్ట్రైకౌట్ చేశాడు. అతని మీద ప్రత్యర్థులు సొంత బలంతో సంపాదించిన పరుగులు సగటున ఆటకి 1.38 మాత్రమే. ఇప్పటి పిచర్లు ఏడాదికి ముప్ఫై పైచిలుకు ఆటలు మొదలుపెడితే గొప్ప. అందులో చివరిదాకా ముగించేవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. రెండువందల ఇన్నింగ్సులు విసిరితే, అబ్బో, ఎంత ఓపికో అంటారు. ఆ రోజుల్లో పిచర్ ఇప్పటికన్నా దగ్గరగా, యాభై అడుగుల దూరం నుంచే విసిరేవాడన్నది నిజమే. అయినా చెయ్యి చెయ్యే గదా!

ఆ చెయ్యి సంగతే చెప్పాలి. పొద్దున్న లేచేసరికి కుడిచెయ్యి పైకి లేచేది కాదట. దువ్వెన పట్టుకుని తల దువ్వుకోలేకపోయేవాడట. వేడినీళ్ళలో ముంచిన తువాళ్ళతో కాపడం పెట్టుకుని, మిగతావాళ్ళకన్నా ముందు మైదానానికి చేరేవాడు. మొదట రెండు మూడు గజాల దూరం నుంచి, చిన్నపిల్లలు విసిరినట్టు మెల్లగా విసిరేవాడు. నొప్పికి ముఖం వంకర్లు పోయేది. తర్వాత ఒక్కో అడుగే వెనక్కి జరుగుతూ, చెయ్యి వేడెక్కినకొద్దీ దూరం పెంచుకుంటూ పోయేవాడు. టీములోవాళ్ళంతా ఓ పక్క నిలబడి ఆత్రంగా చూసేవారట. బంతి మైదానం ఆ చివరినుంచి ఈ చివరికి సూటిగా వచ్చి పడ్డాక గాని వాళ్ళ ముఖాల్లో కళ వచ్చేది కాదు. అమ్మయ్య, ఇవాళ్టికి గండం గడిచిందనుకునేవారు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా గుచ్చుకునేది ఈ దృశ్యమే. జ్వరంతో పడుకున్న ఇల్లాలు లేచి పొయ్యి దగ్గరికి వెళుతుందా లేదా అని గుమ్మంలోంచి తొంగిచూసే ఇంటిల్లిపాదీ గుర్తుకు వస్తారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆవిడంటే ప్రేమ లేనివాళ్ళూ కారు. కాకపోతే ఆ క్షణంలో వాళ్ళు చూస్తున్నది ఆవిడని కాదు, కాఫీ వస్తుందా రాదా అని.

అలసిపోవడం లేదా అని అడిగితే రాడ్‌బర్న్ కొట్టిపారేసేవాడని చెప్తారు. నూటనలభై గ్రాముల బంతిని రెండుగంటలు విసిరితే అలసటా, మాంసం కొట్టులో తెల్లవారుజామునుంచి రాత్రిదాకా పాతిక పౌన్ల సమ్మెటతో పశువుల్ని కొట్టిపడేసినవాణ్ణి నేను, అన్నట్టు మాట్లాడేవాడట. మోసేవాళ్ళకి ఇదొక జబ్బు. నొప్పిని నవ్వుతో కప్పేస్తారు. అదివిని పక్కవాళ్ళు నిజంగానే నొప్పి లేదనుకుంటారు. అనుకోవడం వాళ్ళకి సుఖం కాబట్టి.

సీజను అయిపోయింది. అప్పటికీ విశ్రాంతి లేదు. అమెరికన్ అసోసియేషన్ అనే మరో లీగ్‌లో గెలిచిన న్యూయార్కు మెట్రోపాలిటన్స్ టీముతో, అక్టోబరు 23, 24, 25 తేదీల్లో, వరసగా మూడు రోజులు మూడు ఆటలు పెట్టారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ అని దానికి పేరు. మూడు రోజులూ రాడ్‌బర్నే విసిరాడు. మూడూ గెలిచాడు. మూడు ఆటల్లో కలిపి అవతలివాళ్ళకి వచ్చినవి మూడే పరుగులు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఓడ దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అంటారు గదా. ప్రావిడెన్స్ డైరెక్టర్లు మాత్రం అన్నమాట నిలబెట్టుకున్నారు. కావాలంటే విడుదల కాగితం తీసుకో, వద్దంటే కొత్త ఒప్పందం రాసుకుందాం అన్నారు. రాడ్‌బర్న్ ఏం చేశాడనుకున్నారు? ప్రావిడెన్స్‌లోనే ఉండిపోయాడు.

ఈ ఒక్క పనితో మన మొదటి ప్రశ్నకి జవాబు దొరికిందని నాకనిపిస్తుంది. డబ్బడిగాడు కాబట్టి డబ్బుకోసమే ఆడాడు అనేవాళ్ళకీ, కాదు టీము మీది అభిమానంతోనే ఆడాడు అనేవాళ్ళకీ, ఇద్దరికీ ఈ మనిషి లొంగడు. వదిలిపెడతారా అని అడిగినవాడు వదిలిపెట్టినా వెళ్ళలేదు. అంటే అతనికి కావలసింది వెళ్ళిపోవడం కాదు. వెళ్ళగలగడం. తలుపు గడియ బయటినుంచి వేసి ఉన్న ఇంట్లో ఉండడం వేరు, తలుపు బార్లా తెరిచి ఉన్నా ఆ ఇంట్లోనే ఉండడం వేరు. మొదటిదానికి మనం ఓర్పు అని పేరుపెట్టి మురిసిపోతాం గానీ, అభిమానమన్న మాట చెల్లేది రెండోదానికే.

ఇంకో విశేషం చూడండి. జూలై 22కి ముందూ అదే మనిషి, అదే చెయ్యి. కడుపులో బాధ ఉంది, పైకి అడగలేదు. దానివల్ల ఏమైంది? మాట పెగలని ఆ బాధ విసుగయింది, విసుగు కోపమయింది, కోపం ఆటనే పాడుచేసింది. అడిగాక, ఏమిస్తారో ఏమివ్వరో తేటతెల్లమయ్యాక, ఆ చెయ్యే అద్భుతాలు చేసింది. అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు గానీ, అడగనివాళ్ళు లెక్క వేసుకోరనుకోవడం మన భ్రమ. వాళ్ళ మనసులో లెక్క నడుస్తూనే ఉంటుంది, వడ్డీతో సహా పెరుగుతూనే ఉంటుంది. అది ఒకనాడు ఎత్తిపొడుపు మాటై వస్తుంది, ఒకనాడు వంటింట్లో గిన్నెల చప్పుడై వస్తుంది, ఒకనాడు వారం రోజుల మౌనమై వస్తుంది. నోరువిప్పి అడిగిన ధర ఎంత పెద్దదైనా ఒకనాటికి తీరుతుంది. అడగని ధరే తీరదు.

కాబట్టి ప్రతిఫలం అడిగితే బరువు తగ్గదు. ఆ మాటకొస్తే అడిగి మోసినవాడు తూకం తప్పకుండా మోస్తాడు.

ఇక రెండో ప్రశ్న. అడిగినది ఇచ్చేశారు గదా, మరి ఋణం తీరినట్టేనా?

డైరెక్టర్లు తమ వంతు న్యాయంగానే నడుచుకున్నారు. బలవంతం చెయ్యలేదు, మోసం చెయ్యలేదు. ఆడతానన్నది అతనే. బంతి ఇంకొకరికి ఇవ్వడం అతనికి ఇష్టమూ లేదు. మోసేవాళ్ళ అహంకారం కూడా చిన్నది కాదు సుమండీ. నేను తప్ప ఎవరూ చెయ్యలేరన్న నమ్మకం లోలోపల తియ్యగానే ఉంటుంది. తను వండితేనే పప్పు పప్పులా ఉంటుందని, పక్కవాళ్ళని వంటింట్లోకి రానివ్వని ఇల్లాళ్ళు మనకి తెలియనివాళ్ళు కారు. ఆగస్టులో కాన్లీ అనే ఇంకో పిచర్‌ని తీసుకొచ్చారు. అతనికి దక్కినవి కొద్ది ఆటలే. గెలిపించేవాడు ఎదురుగా ఉండగా కొత్తవాణ్ణి పెట్టి ఓడిపోవడం ఎవరికిష్టం? అలా రోజులు గడిచాయి. పొద్దున్న చెయ్యి లేవకపోయినా మధ్యాహ్నానికి లేస్తూనే ఉంది. లేస్తున్నంతకాలం ఎవరికీ దిగులు లేదు.

వాళ్ళు కొన్నది అతని ఆట. దానికి ధర కట్టారు, చెల్లించారు. కానీ అరిగిపోయింది చెయ్యి. ఆ అరుగుదలకి ఏ కాగితం మీదా పద్దు లేదు. 1885లో అతను 28 గెలిచి 21 ఓడాడు. ఇంకొకడికైతే అది మంచి అంకే. 1884 చూసిన కళ్ళకి మాత్రం సగానికి సగం. టీము నాలుగో స్థానానికి జారింది, ప్రేక్షకులు తగ్గారు, ఆ ఏడాది చివరికి క్లబ్బే మూతపడింది. బోస్టన్ వాళ్ళు కొనేసుకున్నారు. ప్రపంచాన్ని గెలిచిన ఏడాది తిరిగేసరికి ప్రావిడెన్స్ గ్రేస్ లేదు. ఒక్క స్తంభం మీద కట్టిన మేడ ఎంత ఎత్తు లేచినా, ఆ స్తంభం ఎన్నాళ్ళు నిలబడితే అన్నాళ్ళే.

రాడ్‌బర్న్ 1891 దాకా ఆడి, బ్లూమింగ్టన్ వెళ్ళి ఒక సారాదుకాణం, బిలియర్డ్స్ గదీ నడుపుకున్నాడు. వేటలో తుపాకి పేలి ఒక కన్ను పోయింది. ముఖం ఎవరికీ చూపించడం ఇష్టంలేక వెనకగదిలో ఒంటరిగా గడిపేవాడట. 1897లో 42 ఏళ్ళకి పోయాడు. అలిగి వెళ్ళిపోయిన స్వీనీ బతుకూ ఏమంత బాగుపడలేదు. చెయ్యి పాడయింది. 1887 తర్వాత పెద్ద ఆటలు లేవు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక గొడవలో మనిషిని చంపి జైలుకు వెళ్ళాడు. 1902లో చనిపోయాడు. మోసినవాడికి సుఖమూ దక్కలేదు, దించేసినవాడికి శాంతీ దక్కలేదు. నీతికథల్లోలా మంచికి మంచీ చెడుకి చెడూ సమంగా పంచేవాళ్ళు బతుకులో లేరు.

మరో సంగతి కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. రాడ్‌బర్న్ ఒక్కడే టీముని మోశాడని అందరూ రాశారు, నేనూ రాస్తూ వచ్చాను. కానీ విసిరిన ప్రతి బంతినీ అవతల ఎవరో పట్టుకోవాలి గదా. ముఖ్యంగా పట్టినవాడు బార్నీ గిలిగన్ అనే క్యాచర్. ఆ రోజుల్లో ఇప్పటిలా మెత్తటి పెద్ద గ్లవ్స్ లేవు. వేళ్ళు కత్తిరించిన పలచటి తోలు తొడుగు ఉంటే ఉన్నట్టు. జెర్రీ డెనీ అనే ఇంకో ఆటగాడు జన్మలో తొడుగన్నది వాడకుండా ఉత్త చేతులతోనే ఆడాడు. రాడ్‌బర్న్ చేతి నొప్పి కనీసం కథగానైనా మిగిలింది. గిలిగన్ వేళ్ళ సంగతి ఎవరికి తెలుసు? మోసేవాళ్ళ వెనక మోసేవాళ్ళుంటారు. అందరూ మెచ్చే కోడలి వెనక, పొద్దున్నే నీళ్ళు తోడిపెట్టే పనిమనిషి ఉంటుంది. మన పేరు పైకి వచ్చినప్పుడు వాళ్ళని తలుచుకోవడం కూడా ధర్మమే.

1939లో రాడ్‌బర్న్‌ని బేస్‌బాల్ మహాపురుషుల సరసన, కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో నిలబెట్టారు. అతని గురించి ఒక వివాదం మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. 1884లో అతను గెలిచినవి 59 ఆటలా, 60 ఆటలా? జూలై 28న జరిగిన ఒక ఆటలో సైక్లోన్ మిల్లర్ అనే పిచర్ మొదలుపెట్టి సగం ఆడాడు, మిగతాది రాడ్‌బర్న్ వచ్చి ముగించాడు. అప్పటివాళ్ళు ఆ గెలుపు రాడ్‌బర్న్‌దే అన్నారు. ఇప్పటి నిబంధనల ప్రకారం అది మిల్లర్‌ది. ఈ ఒక్క అంకె కోసం నూరేళ్ళకి పైగా పండితులు పాత పత్రికలన్నీ తిరగేస్తున్నారు.

తిరగెయ్యనివ్వండి. లెక్కలు చూసేవాళ్ళు లెక్కలు చూడాల్సిందే. నాకు తెలుసుకోవాలనిపించేది మాత్రం వేరే ఉంది. ఆ వేసవిలో ఒక్క పొద్దున్నయినా, తువాలు చుట్టుకుని కూచున్న ఆ మనిషి దగ్గరికి ఎవరైనా వెళ్ళి, “ఇవాళ్టికి నువ్వు కూచో, ఓడితే ఓడాం, మేం చూసుకుంటాం” అన్నారా? అలాంటి మాటలకి స్కోరు పుస్తకంలో గడి ఉండదు. ఇంటి ఖర్చుల పుస్తకంలోనూ ఉండదు. అయినా ఆ మాట ఎక్కడా రాసుకోనక్కర్లేదు లెండి. అంటే చాలు.